ఏడు మూళ్లు, ఒక ఒకటి

నాకు టీచరుద్యోగం వచ్చిన రెండో ఏడు ఎనిమిదో తరగతిలో ఒక తప్పు చెప్పాను. అది తప్పని అప్పటికి నాకు తెలీదు. ఒప్పని కూడా తెలీదు. తెలీకుండానే గట్టిగా చెప్పాను. అసలు తప్పు అదే.

అప్పటికి తొంభైల్లో సగం గడిచాయి. ఆ రోజు పాఠం ప్రధాన సంఖ్యలు. ఒకటితోనూ తమతోనూ తప్ప మరి దేనితోనూ నిశ్శేషంగా భాగించలేని సంఖ్యలు. పిల్లలు రెండు, మూడు, ఐదు, ఏడు అని అప్పజెప్పి ఊరుకుంటారని, బి.ఎడ్. చదివేటప్పుడు హాస్టల్లో ఒక స్నేహితురాలు నా నోటుబుక్కులో రాసిచ్చిన వరస బోర్డు మీద వేశాను. 31, 331, 3331, 33331, 333331, 3333331. ఇవన్నీ ప్రధాన సంఖ్యలే అన్నాను. పిల్లలకి సరదా వేసింది. రెండో బెంచీలో కూర్చునే అమ్మాయి లేచి నిలబడింది.

"దీని తర్వాతదీ అంతేనాండీ?"

"అంతే."

"ఎంత దూరం వెళ్లినా అంతేనాండీ?"

"అంతే" అన్నాను. బెల్లు కొట్టారు.

కడియం దాటాక మా ఊరు. బడి నుంచి కాలవగట్టు మీదుగా సైకిలు తొక్కుకుంటూ వస్తుంటే ఆ "అంతే" నా వెనకాలే వచ్చింది. స్నేహితురాలు రాసిచ్చిన వరస ఏడంకెల దగ్గర ఆగిపోయింది. ఎనిమిదంకెలది, ఏడు మూళ్లు, ఒక ఒకటి ఉన్నది, 33333331, ప్రధాన సంఖ్య అవునో కాదో నాకు ఎవరూ చెప్పలేదు.

ఇంటికొచ్చి కాళ్లు కడుక్కుని, మా ఆయన కాలిక్యులేటర్ తీసుకుని అరుగు మీద కూర్చున్నాను. మాది చిన్న నర్సరీ, గులాబీ అంట్లు ఎక్కువ. మా ఆయన మొక్కల లారీల వెంట నాగపూర్, రాయపూర్ వైపు వెళ్లి పది పదిహేను రోజులకి గాని వచ్చేవారు కాదు. మామగారు పోయి అప్పటికి నాలుగేళ్లు. ఇంట్లో నేనూ మా అత్తయ్యగారే. మా మధ్య గొడవలేమీ లేవు. మాటలూ లేవు. మోటారు వేశావా, కూర ఏం చెయ్యమంటారు, కరెంటు పోయింది. పెళ్లయి ఏడాది దాటినా అంతకు మించి మాట్లాడుకున్నది గుర్తులేదు. పగలంతా ఆవిడ షెడ్డులో కూలి ఆడవాళ్లతో కలిసి అంట్లు కట్టేవారు. ఆవిడ కట్టిన అంటు చచ్చిపోవడం తక్కువని చుట్టుపక్కల నర్సరీల వాళ్లు కూడా చెప్పుకునేవారు.

ఆ సాయంత్రం ఆవిడ చేతులు కడుక్కుని వచ్చి నా పక్కన కాగితం చూశారు. ఏంటమ్మాయ్ అది అని అడిగారు. చెప్పాను. ఈ సంఖ్యని ఏదైనా భాగిస్తుందేమో చూస్తున్నానండి అన్నాను. ఆవిడ కాసేపు చూసి, కాలిక్యులేటర్ పక్కకి జరిపి, "ఏదీ, ఒకటి నాకియ్యి. భాగారం చేసి ఎన్నాళ్లయిందో" అన్నారు.

నలభై మూడు ఇచ్చాను. ఆవిడ లోపలికెళ్లి ఒక పలక తెచ్చుకున్నారు. ఆ ఇంట్లో పలక ఉందనే నాకు తెలీదు. ముందు పలకకి కుడిపక్కన నలభై మూడో ఎక్కం తొమ్మిది దాకా రాసుకున్నారు. తర్వాత ఎడంపక్కన ఒక్కో అంకె దింపుకుంటూ, తీసేస్తూ, మళ్లీ దింపుకుంటూ కిందికి వెళ్లారు. పెదవులు కదులుతున్నాయి గాని మాట బయటికి రావడం లేదు. చివర శేషం చెప్పారు. నేను కాలిక్యులేటర్ మీద సరిచూశాను. సరిగ్గా ఉంది.

"ఇంకోటియ్యి" అన్నారు.

ఆవిడ చదువు అయిదో తరగతి. పై తరగతులకి వేరే ఊరు వెళ్లాలి కాబట్టి ఆపేశారని అంతకుముందు మా ఆయన ఎప్పుడో చెప్పారు. అయితే ఆ అయిదు తరగతుల్లో ఆవిడకి అన్నిటికంటే ఇష్టమైంది పెద్ద భాగారమని ఆ రోజు తెలిసింది.

ఎంత దూరం చూడాలని మర్నాడు అడిగారు. సంఖ్య రెండు ముక్కలుగా విరిగితే ఒక ముక్క దాని వర్గమూలం లోపే ఉంటుందని, ఇక్కడ అది అయిదువేల ఏడువందల డెబ్భై మూడు అని చెప్పాను. అది దాటాక చూడక్కర్లేదు. నేను తర్వాతి సంగతి చెప్పబోయేలోపు ఆవిడే అన్నారు: ఏడుతో పోనిది పద్నాలుగుతో ఎలాగూ పోదు కదా, అన్నిటితోనూ ఎందుకు చెయ్యడం, విరగని వాటితో చేస్తే చాలు కదా అని. ప్రధాన సంఖ్య అన్న మాట ఆవిడ ఎన్నడూ అనలేదు. విరగనిది అనేవారు. నాకు ఆ మాటే బాగుందనిపించి, ఇంట్లో నేనూ అలాగే అనడం మొదలుపెట్టాను.

ముందు ఆ విరగనివి ఏవో తెలియాలి. పాత క్యాలెండరు కాగితాల వెనక అయిదువేల ఏడువందల డెబ్భై మూడు దాకా అంకెలు రాసి, రెండో ఎక్కంలోవి, మూడో ఎక్కంలోవి, అయిదులో, ఏడులో వచ్చేవి వరసగా ఎర్ర పెన్సిల్‌తో కొట్టేసుకుంటూ పోయాం. వారం పట్టింది. కొట్టేయకుండా మిగిలినవి లెక్కపెడితే ఏడువందల యాభై ఏడు. ఆఖరుది 5749. రెండూ మూడూ అయిదూ భాగించవని చూడగానే తెలిసిపోతుంది. మిగతా ఏడువందల యాభై నాలుగు ఆవిడ పలక మీదికి ఎక్కాలి.

ఇక్కడ ఒక సంగతి ఒప్పుకోవాలి. కాలిక్యులేటర్‌లో ఎనిమిది అంకెలు పడతాయి. మా సంఖ్యకి ఎనిమిదే అంకెలు. నేను కూర్చుంటే రెండు సాయంత్రాల్లో తేలిపోయేది. మొదటి వారంలోనే ఆ మాట ఆవిడతో అన్నాను కూడా. అది చేస్తే అది చేసినట్టు, మనం చేసినట్టు ఎలా అవుతుందమ్మా అన్నారు. భాగారం ఆవిడది, సరిచూడటం నాది. భాగఫలాన్నీ భాజకాన్నీ గుణించి శేషం కలిపితే ఏడు మూళ్లు, ఒక ఒకటి రావాలి. వస్తే శేషం పొడుగాటి నోటుబుక్కులో రాసేదాన్ని. పలక తుడిచేసేవారు. రోజుకి అయిదో ఆరో. అయిదింటికి నేను బడి నుంచి రావడం, దీపాలు పెట్టేవేళ దాకా ఆ పని.

అలా చేస్తూ చేస్తూ ఆవిడ మాట్లాడటం మొదలుపెట్టారు. 1103తో భాగిస్తూ ఉండగా తన పెళ్లి సంగతి చెప్పారు. 1511 దగ్గర, అయిదో తరగతిలో ఉండగా ఇన్‌స్పెక్టరు వచ్చి బోర్డు మీద పెద్ద భాగారం వేసి ఎవరు చేస్తారంటే తను లేచానని, సరిగ్గా చేశాక ఆయన పేరడిగి రాసుకున్నాడని, ఎందుకు రాసుకున్నాడో ఇప్పటికీ తెలీదని చెప్పారు. "ఏదో పంపిస్తాడేమోనని ఎదురుచూశాను. ఏదీ రాలేదు" అన్నారు. నవ్వుతూనే అన్నారు. చెబుతూ చెబుతూ కూడా ఎక్కం తప్పలేదు.

నేనూ చెప్పేదాన్ని. క్లాసులో చెప్పిన "అంతే" గురించి కూడా. తప్పయితే ఆ పిల్ల దగ్గర ఒప్పేసుకో అన్నారు.

సంక్రాంతి వెళ్లాక ఒకరోజు నేను బడి నుంచి వచ్చేసరికి ఆవిడ అరుగు మీద ఊరికే కూర్చుని ఉన్నారు. పలక ఒళ్లో ఉంది. మధ్యాహ్నమే ఒకటి చేసి ఉంచారట. 2711.

"విరిగిపోయిందమ్మా" అన్నారు. ఎండిపోయిన మొక్క సంగతి చెప్పినట్టు చెప్పారు. శేషం సున్నా.

నా జవాబు దొరికింది. క్లాసుకెళ్లి ఎనిమిదంకెల దగ్గరే ఆగిపోయిందని చెప్పేయచ్చు. అయినా నాకు సంతోషం కలగలేదు. సైకిలు స్టాండు వేసి, చెప్పులు కూడా విప్పకుండా ఆవిడ రాసిన భాగఫలాన్ని 2711తో గుణించాను. ఏడు మూళ్లు రాలేదు. ఎక్కడో ఒక తీసివేతలో అంకె తప్పింది. మళ్లీ చేయమన్నాను. ఈసారి పదిహేనువందల ఎనభై ఆరు మిగిలింది. సరిచూశాను. సరిపోయింది.

"హమ్మయ్య" అని ఆవిడ లేచి వెళ్లి ఇద్దరికీ టీ పెట్టుకొచ్చారు. ఆ సంఖ్య విరగకూడదని మేమిద్దరం కోరుకుంటున్నామని నాకు అప్పుడే తెలిసింది. ఎందుకు కోరుకుంటున్నామో మాత్రం తెలీదు. అది విరిగినా విరగకపోయినా మాకు ఒరిగేదేమీ లేదు.

మా ఆయన వచ్చినప్పుడల్లా ఎంతదాకా వచ్చారని అడిగేవారు. రాజమండ్రిలో కంప్యూటర్ నేర్పే చోటికి తీసుకెళ్తే నిమిషంలో చెప్పేస్తారు కదా అని ఒకసారి అన్నారు. వాళ్లమ్మ తల కూడా ఎత్తలేదు. ఆ తర్వాత ఆయన మళ్లీ అనలేదు. ఈసారి లారీ మీద వెళ్లొచ్చేటప్పుడు ఆవిడకి ఒక కొత్త పలక, ఒక పెట్టె బలపాలు తెచ్చారు.

ఏప్రిల్లో, ఒంటిపూట బడులు నడుస్తున్న రోజుల్లో, ఆఖరి సంఖ్యకి వచ్చాం. 5749. మధ్యాహ్నం అన్నాలు తిన్నాక కూర్చున్నారు. ఆవిడ తొందరపడలేదు. ఎక్కం రాసుకుని, ఒకటికి రెండుసార్లు చూసుకుని దిగారు. ఆరువందల ఇరవై తొమ్మిది మిగిలింది. నేను సరిచూశాను. ఏడు మూళ్లు, ఒక ఒకటి.

విరగదు. ఇంక ఏం చేసినా విరగదు.

ఆవిడ కాసేపు పలక వైపే చూసి, ఇంకో మూడు పెట్టు అన్నారు.

ఎనిమిది మూళ్లు, ఒక ఒకటి. 333333331. దీనికి పద్దెనిమిది వేలు దాటేదాకా చూడాలని, పైగా కాలిక్యులేటర్‌లో పట్టదని, ఏడాదికి పైగా పడుతుందని చెప్పాను. పడితే పడనీ అన్నారు. ఆ మాట అన్నప్పుడు ఆవిడ మొహంలో ఉన్నది సంతోషమేనని ఇప్పటికీ అనుకుంటాను. పలక తుడిచి ఏడుతో చేశారు. రెండు మిగిలింది. పదకొండుతో ఒకటి. పదమూడుతో ఆరు. పదిహేడుతో చేశారు. ఏమీ మిగల్లేదు.

నేను కాగితం మీద గుణించాను. 19607843ని పదిహేడుతో. ఎనిమిది మూళ్లు వచ్చాయి, చివర ఒకటి వచ్చింది. ఇంకోసారి గుణించాను. అంతే వచ్చింది. మొత్తం పది నిమిషాలు కూడా పట్టలేదు.

ఆవిడ పలక కడిగి గూట్లో పెట్టి, ఎండ తగ్గకముందే మొక్కలకి నీళ్లు పెట్టడానికి వెళ్లిపోయారు. రెండు రోజులు ఆ ప్రస్తావన రాలేదు. మళ్లీ మోటారు, కూర, కరెంటు. అయిదు నెలలు కూర్చుని కట్టిన గోడ ఒక్క తోపుతో పడిపోయినట్టయింది నాకు. ఆవిడకి ఏమనిపించిందో అడిగే ధైర్యం లేకపోయింది.

మూడో రోజు నేను వచ్చేసరికి నోటుబుక్కూ పలకా అరుగు మీద ఉన్నాయి.

"పదిహేడు ఇప్పుడే ఎందుకొచ్చిందమ్మా? అంతకుముందెందుకు రాలేదు?" అన్నారు.

ఈ రెండు రోజులూ ఊరికే లేరు. వరసలో మొదటి నుంచీ ఉన్న సంఖ్యలన్నిటినీ ఒక్క పదిహేడుతోనే భాగించి శేషాలు రాసుకున్నారు. 31కి పద్నాలుగు. 331కి ఎనిమిది. ఆ తర్వాత పదహారు, పదకొండు, పన్నెండు, అయిదు. మా ఎనిమిదంకెల సంఖ్యకి మూడు. దాని తర్వాత సున్నా. ఇవి ఏదో పద్ధతిగా నడుస్తున్నాయి గాని ఏ పద్ధతో అందడం లేదన్నారు.

నేను బి.ఎస్సీ. లెక్కలు చదివాను. నాకు ఆ ప్రశ్న రాలేదు. ఆవిడకి వచ్చింది. పలక తీసుకుని చూశాను. ఈ వరసలో ఏ సంఖ్యనైనా పదింతలు చేసి ఇరవై ఒకటి కలిపితే తర్వాతది వస్తుంది. 31ని పదింతలు చేస్తే 310, ఇరవై ఒకటి కలిపితే 331. సంఖ్యలు అలా నడిస్తే వాటి శేషాలూ అలాగే నడవాలి. మూడుని పదింతలు చేస్తే ముప్పై, ఇరవై ఒకటి కలిపితే యాభై ఒకటి. యాభై ఒకటి అంటే పదిహేడు మూళ్లు. ఇంకేముంది, మిగలదు. ఆ మూడు శీతాకాలం నుంచి మా నోటుబుక్కు మొదటి పేజీలోనే ఉంది.

ఆవిడకి అది చెప్పగానే, "అయితే ఇంక అంత పొడుగు భాగారం అక్కర్లేదన్నమాట" అని, పలక లాక్కుని వరస ముందుకి నడిపించారు. పదిహేడుతో అయితే శేషం పదహారు అడుగులకోసారి సున్నాకి వస్తోంది.

అప్పుడు నాకు ఒక అనుమానం వచ్చింది. వరసలో మొట్టమొదటిది ముప్పై ఒకటి. దాన్నే పట్టుకుని నడిస్తే? ముప్పై ఒకటిని ముప్పై ఒకటితో భాగిస్తే సున్నా. తర్వాత ఇరవై ఒకటి. తర్వాత రెండువందల ముప్పై ఒకటి, అందులో ముప్పై ఒకట్లు తీసేస్తే పద్నాలుగు. తర్వాత ఆరు, పంతొమ్మిది, ఇరవై అయిదు. ఆవిడ చెబుతుంటే నేను రాశాను. పదిహేనో అడుగుకి మళ్లీ సున్నా వచ్చింది. అంటే పదహారు మూళ్లు, చివర ఒకటి ఉన్న సంఖ్య ముప్పై ఒకటితో విరిగి తీరుతుంది. పదిహేడు సంగతి తెలీకపోయినా సరే, అక్కడ కాకపోతే అంతకుముందే ఎక్కడో వరస తెగుతుంది గాని, ఎప్పటికీ సాగడం మాత్రం జరగదు.

ఆ పిల్ల అడిగిన ప్రశ్నకి జవాబు అది. ముప్పై ఒకటి దాటని అంకెలతో, ఒక పలక మీద, పావుగంటలో తేలింది. అయిదు నెలల కిందట నేను ఈ పావుగంట ఆలోచించలేదు. ఆవిడతో ఆ మాటే అన్నాను. ఇన్నాళ్లు మిమ్మల్ని అనవసరంగా కూర్చోబెట్టానండి అన్నాను.

ఆవిడ నా వైపు కొంచెం ఆశ్చర్యంగా చూశారు. "ఆ పిల్ల అడిగింది ఎంత దూరం వెళ్తాయని. మనం చూసింది ఇది విరుగుతుందా లేదా అని. రెండూ ఒకటెలా అవుతాయమ్మాయ్? ఈ పావుగంటలో ఆ సంగతేమైనా తేలిందా?"

తేలలేదు. నిజమే. ముప్పై ఒకటి శేషాలు ఎంత నడిపించినా 33333331 విరగదని చెప్పవు. అది తెలియాలంటే ఏడువందల యాభై ఏడూ చూడాల్సిందే. మాకు తెలిసిన దారి మాత్రం అదొక్కటే.

జూన్‌లో బడి తెరిచాక తొమ్మిదో తరగతికి వెళ్లాను. ఆ అమ్మాయి ఈసారి మూడో బెంచీలో ఉంది. పోయినేడు నేను తప్పు చెప్పానని, వరస తొమ్మిదంకెల దగ్గర పదిహేడుతో తెగిపోతుందని బోర్డు మీద చేసి చూపించాను. ముప్పై ఒకటి సంగతి కూడా చెప్పాను. ఆ అమ్మాయి లేచి, మొహమాటంగా, "నేను అడిగానాండీ?" అంది. అసలు గుర్తే లేదు. పిల్లలు నవ్వారు, నేనూ నవ్వాను. ఇంటికొచ్చి చెబితే అత్తయ్యగారు మాత్రం నవ్వలేదు. మనకి గుర్తుంది కదా అన్నారు.

ఆ వానాకాలంలోనే ఒకరోజు, విరగనివాటికి ఆఖరంటూ ఉందా అని అడిగారు. లేదన్నాను. ఈసారి తెలిసే చెప్పాను. మన దగ్గరున్న విరగని సంఖ్యలన్నిటినీ గుణించి ఒకటి కలిపితే, వాటిలో దేనితో భాగించినా ఒకటి మిగులుతుంది, కాబట్టి కొత్తది ఎప్పుడూ ఉంటుందని చెప్పాను. ఆవిడ తల ఊపారు గాని ఒప్పుకున్నట్టు లేదు.

వారం తర్వాత, ఆదివారం పొద్దున్న నేను ఇడ్లీలు తీస్తుంటే పలక తెచ్చి వంటింటి గడప మీద కూర్చున్నారు. రెండు, మూడు, అయిదు, ఏడు, పదకొండు, పదమూడు గుణించి ఒకటి కలిపారట. ముప్పై వేల ముప్పై ఒకటి.

"నువ్వు చెప్పింది తప్పమ్మాయ్. ఇది విరిగింది. యాభై తొమ్మిది అయిదువందల తొమ్మిదులు."

నేను స్టవ్ తగ్గించి వచ్చి చూశాను. భాగారం సరిగ్గానే ఉంది.

"విరగదని నేను చెప్పలేదండి. ఆ ఆరింటితో పోదని చెప్పాను. యాభై తొమ్మిది ఆ ఆరింటిలో ఉందా?"

ఆవిడ పలక వైపు చూశారు. వేలితో ఒక్కొక్కటీ తడిమారు. రెండు, మూడు, అయిదు, ఏడు, పదకొండు, పదమూడు.

"లేదు" అన్నారు. పలక ఒళ్లో పెట్టుకుని అక్కడే కూర్చున్నారు. ఇడ్లీలు చల్లారిపోతున్నాయని నేను పిలిచాను.

"అంటే మనం ఎన్ని పోగేసినా, మన దగ్గర లేనిది ఒకటి బయట ఉంటుందన్నమాట. అది ఆ వచ్చిన సంఖ్యేనా కానీ, దాని ముక్కేనా కానీ."

"అంతేనండి."

ఆవిడ లేచి, పలక తుడుచుకుంటూ, "పదిహేడు కూడా వేసి చూస్తాను" అని అరుగు మీదికి వెళ్లారు. సాయంత్రానికి అయిదు లక్షల పదివేల అయిదువందల పదకొండు వచ్చింది. పంతొమ్మిదితో పోయింది.